తూకానికి అందని పెద్దాయన

ఎగరడం మినహా మిగతా పరీక్షలన్నింటిలోనూ తమ కొత్త సొంత విమానం ప్రథమ శ్రేణిలో నెగ్గిందని కంపెనీవారు సవినయంగా ప్రకటించారు. ఆ ప్రకటన విని సంతోషించనివాడు షెడ్డు మొత్తంలో తూకం మేస్త్రీ ఒక్కడే. విమానంలోకి ఎక్కే ప్రతి వస్తువునూ, ప్రతి మనిషినీ తూచి, ‘బరువు సరిపోయింది’ అని సంతకం పెట్టడం అతని పని. ఇరవై ఏళ్లుగా దేవుడికి దండం పెట్టుకున్నాకే ముల్లును సున్నా మీదికి తెస్తున్నాడు. దొంగ తూకం వేయనని మొక్కుకున్నవాడు.

విమానం మొదట్లో బుద్ధిగానే ఉండేది. ఎనిమిది సీట్లు, రెండు రెక్కలు. కంపెనీ యజమాని, అంటే పెద్దాయన, ఒకసారి లోపల కూర్చుని చూసి, ఇల్లులా లేదన్నారు. దాంతో పాలరాతి నేల వచ్చింది. అంత నేల పరిచాక స్నానాల తొట్టి లేకపోతే బాగుండదు కదా, అదీ వచ్చింది. పుస్తకాల గది వచ్చింది. బరువు పెరగకూడదన్న దూరదృష్టితో పుస్తకాలకు అట్టలు మాత్రమే ఉంచారు. బయట నలుగురు పడిగాపులు పడకపోతే తాను పెద్దమనిషినని తనకే నమ్మకం కుదరడం లేదని పెద్దాయన వాపోతే, సందర్శకులు ఎదురుచూసే గది ఒకటి కట్టి, జీతానికి ఇద్దరు సందర్శకులను పెట్టారు. తర్వాత బరువు దృష్ట్యా వాళ్లను దింపేసి, వాళ్ల చెప్పులను మాత్రం గుమ్మం దగ్గర ఉంచారు.

ఒకటి ఎక్కితే ఇంకొకటి దిగాలి. ఏడు సీట్లు దిగాయి. పనిముట్ల పెట్టె దిగింది. రెండో పైలట్ దిగాడు. మిగిలిన ఒక్క పైలట్ మన తూకం మేస్త్రీకి స్వయానా బావమరిది.

“నా క్యారేజీ కూడా తూస్తావేంటి బావా?”

“మీ అక్క సర్దిన డబ్బారా ఇది. తూచకుండా వదిలితే రెక్క వంగిపోతుంది.”

తొమ్మిది వందల గ్రాములు. రాసుకున్నాడు.

తూకానికి ఎక్కని శాల్తీ ఒక్కటే. పెద్దవాళ్లను తూచడం మర్యాద కాదని ఆ కంపెనీ ఆచారం. పెద్దాయన బరువు రాయాల్సిన గడిలో ఏళ్ల తరబడి ‘గౌరవనీయులు’ అని రాస్తున్నారు. కూడికలో గౌరవం సున్నా కింద లెక్క. దేవుడి త్రాసుకి ఇలాంటి మినహాయింపు ఉందో లేదో తూకం మేస్త్రీకి తెలియదు గానీ, ఈ విమానం మాత్రం ఇంకో పదకొండు కిలోలకు మించి మోయలేదని తెలుసు. పెద్దాయన పదకొండు కిలోలకు కాస్త ఎక్కువే ఉంటారని అతని కంటి అంచనా.

సంతకం పెట్టనన్నాడు. విమానానికి నమూనా గీయించిన అధికారి అందరినీ సమావేశపరిచి, “బరువనేది మనం అనుకోవడంలో ఉంటుందయ్యా. ఇంతమందిని పైకి తెచ్చిన మహానుభావుడు ఒక్క విమానాన్ని కిందికి లాగుతారా?” అని ప్రసంగించారు. చప్పట్లు మోగాయి. రేపు పొద్దుటికి సంతకం లేకపోతే ఎల్లుండి నుంచి రానక్కర్లేదని కూడా సెలవిచ్చారు.

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. “ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుందాం. వాడు పోతే ఇంకో తమ్ముణ్ణి ఎక్కణ్ణించి తేనండీ?”

పొద్దున్నే దండం పెట్టుకుని, కాగితం మీద ఉన్నదున్నట్టు రాశాడు: ‘పెద్దాయన ఎక్కకపోతే బరువు సరిపోతుంది.’ కింద సంతకం పెట్టి, ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాడు.

ఆ కాగితాన్ని తేల్చడానికి కంపెనీ అధికారుల సంఘం కూర్చుంది. పాలరాయి దింపితే పెద్దాయన హోదా దిగుతుంది. తొట్టీ అంతే. చెప్పులు దింపితే ఆయన కోసం ఎవరూ కాచుకుని లేరని లోకం అనుకుంటుంది. పెద్దాయన హోదాకు అక్కర్లేనిది ఆ విమానంలో పెద్దాయన ఒక్కరేనని ఏకగ్రీవంగా తేలింది. ఆయన కూడా ఉప్పొంగిపోయి, “నా విమానం వెళ్తే నేను వెళ్లినట్టే కదయ్యా” అన్నారు. తూకం మేస్త్రీ ఉద్యోగం నిలిచింది. పైగా ప్రశంసాపత్రం ఇచ్చారు.

మర్నాడు విమానం ఎగిరింది. అవతలి ఊళ్లో అధికారులు ఖాళీ సీటుకు వంగి నమస్కరించి, పూలగుత్తి ఒళ్లో పెట్టి, ఏళ్లుగా తేలని ఒప్పందాన్ని ఒక్క పూటలో తేల్చేశారు. సీటు దేనికీ అడ్డు చెప్పలేదు. సరిగ్గా ఇలాంటిదే తమకూ కావాలని మధ్యాహ్నానికల్లా పన్నెండుమంది పెద్దమనుషులు కబురు పెట్టారు. పెద్దాయన మాత్రం వెనకాలే బస్సులో వెళ్తే గేటు దగ్గర కాపలావాడు, “పెద్దాయన లోపల పనిలో ఉన్నారు, కూర్చోండి” అని ఆపేశాడట. తనకు దక్కుతున్న మర్యాద కళ్లారా చూసి ఆయనకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం విమానం తిరిగి వస్తుంటే ప్రహరీ బయట జనం బారులు తీరి చేతులూపారు. తూకం మేస్త్రీ కూడా అక్కడే నిలబడ్డాడు. పక్కనే ఒక ముసలమ్మ మడమలెత్తి మరీ ఊపుతోంది. ఆమె అమాయకత్వం చూసి అతనికి జాలేసింది.

“లోపల ఎవరూ లేరమ్మా” అన్నాడు.

ఆమె చెయ్యి దించలేదు. “మరి నడిపేదెవరు నాయనా?”

పొద్దున్నే ఆ మనిషినీ, ఆ మనిషి అన్నం డబ్బానూ గ్రాములతో సహా తూచి ఎక్కించినవాడు తనే. అతనూ మెల్లగా చెయ్యెత్తాడు.