కంతల డబ్బా

"ఇంట్లకు ప్రొఫెసర్‌ను తెచ్చుడేంది? ఆయనకు వండిపెట్టేదెవరు?" అంటూ భిక్షపతి కుంచెలు కడుగుతున్న బొక్కెనను కాలితో తన్నాడు.

"ప్రొఫెసర్ కాదు బాపూ, ప్రాసెసర్. కంప్యూటర్ల పెడతరు. అగ్గిపెట్టెంత ఉంటది," అన్నాడు కొడుకు ప్రేమ్‌రాజ్.

"గంత చిన్నదానికి గంత పెద్ద పేరా!"

ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసే భిక్షపతికి కోపం ముక్కు మీద ఉండదు. ముక్కు చిన్నది, కోపం పట్టదు. అందుకని ఒంటినిండా పెట్టుకు తిరుగుతాడు. ఆయన చేసిన వినాయకులు ఏటా నీళ్లలో మునిగారు గానీ, ఆయన కోపం ఇంతవరకు ఏ చెరువులోనూ మునగలేదు.

చవితి దాటితే విగ్రహాల ఇళ్లలో చేతులకు పని తగ్గుతుంది. అందుకే ఆ రెండువేల మూడు దసరాకు ముందుగదిలో ఆటల కంప్యూటర్ పెడతానని ప్రేమ్‌రాజ్ పట్టుబట్టాడు. గల్లీ పిల్లలు వచ్చి కారు పందేలు ఆడుకుంటారు, ఇల్లు గడుస్తుంది. "ఇది నడవకుంటే మళ్ల అచ్చుల కాడనే కూసుంట. జిందగీల ఇంకో మాట ఎత్తనే ఎత్త," అని తల్లి ఆగమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. వాడు నెగ్గాలని భిక్షపతికీ ఉంది. కానీ అలాంటి మెత్తటి ముచ్చట నోటితో చెప్పడం ఆయన ఇంటావంటా లేదు. పైగా ఎదురింటి కైలాసం పండుగనాడు తొలి ఆట చూడ్డానికి వస్తానన్నాడు. కైలాసం కూడా విగ్రహాలు చేసేవాడే. వచ్చేది చూడ్డానికి కాదు, నవ్వడానికి.

ఆ పొద్దున ప్రేమ్‌రాజ్ సామాను కొనడానికి బయలుదేరుతుంటే మేడమీద అద్దెకుండే వేణుమాధవ్ దిగివచ్చాడు. ఏలూరు వైపు మనిషి, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులో కంప్యూటర్ ఉంది కాబట్టి దాని గురించి తనకు తెలుసని ఆయన నమ్మకం.

"టీవీలో ప్రకటనలొచ్చే కంపెనీది కొనండి భిక్షపతిగారూ. ఆ రెండో కంపెనీ ప్రాసెసర్ చవకే గానీ పొయ్యిలా వేడెక్కుతుందండీ. తర్వాత నన్ననకండి."

"సార్, చవకది పెట్టి మిగిలిన పైసలు గ్రాఫిక్ కార్డుల పెడత," అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఆటలకు బొమ్మ మంచిగ రావాలె. బొమ్మను నడిపిచ్చేది కార్డే. మానిటరంటరా, సెకండ్ హ్యాండ్‌ది చాలు."

బొమ్మ అన్న మాట చెవిన పడగానే భిక్షపతి కొడుకు పక్షం చేరిపోయాడు. "బొమ్మల సంగతి మాకు చెప్తవా సార్? ఇక వేడంటవా, నేను పొద్దుగాల లేస్తే వేడెక్కుత. నడుస్తలేనా?"

మధ్యాహ్నానికి డబ్బా ఇంటికొచ్చింది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం మీది మేడలో కంప్యూటర్లమ్మే బాలకిషన్ అన్నీ తానే బిగించి, నడిపి చూపించి పంపాడు. ప్రేమ్‌రాజ్ దోస్తులను పిలవడానికి వెళ్లగానే భిక్షపతి డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నిప్పు తొక్కినట్టు ఎగిరాడు. పక్కరేకు నిండా కంతలు! ముందర కిందివైపు కంతలు! జల్లెడ నయం.

ధూల్‌పేట్‌లో బొమ్మకు సూదిమొనంత కంత కనబడినా కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు. అచ్చులోంచి తీశాక కంతలు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తేనే దేవుడు. అంతవరకూ పిండిముద్ద.

"ఆగమ్మా! ఆగమైపోయినమే! పోరణ్ని చూసి బాలకిషన్‌గాడు కంతల డబ్బా అంటగట్టిండు!"

"అయితే వాపస్ ఇయ్యుండ్రి."

"మోజుపడి తెచ్చుకున్నడే. మోసపోయినవురా అంటే వాని మొకం చిన్నబోతది. నువ్వు నోరు మూస్కో, నేను కంతలు మూస్త."

లోపలికి పిండి రాలకుండా గుడ్డ అంటించి, ప్లాస్టర్ కలిపి ప్రతి కంతా పూడ్చాడు. రుద్దాడు. నెమలినీలం వేసి బంగారు అంచు గీశాడు. వెనకవైపు మాత్రం ముట్టుకోలేదు, బొమ్మకు వీపెవరు చూస్తారు? సాయంత్రం వచ్చిన ప్రేమ్‌రాజ్ "బాపూ! రంగేసినవా!" అని మురిసిపోయాడు. ఆ మెరుపులో ఏమేం మాయమయ్యాయో వాడికి కనబడలేదు. భిక్షపతి "ఊ" అన్నాడు. అది ఆయన ముద్దు.

తెల్లారి దసరా. డబ్బాకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గల్లీ అంతా గుమ్మంలోనే ఉంది. తొలి ఆటకు కైలాసమే కూర్చున్నాడు. కారు రెండు మలుపులు తిరిగిందో లేదో, తెర నల్లబడింది.

"ఏంది భిక్షపతీ, నీ కారుల పెట్రోల్ పోయలేదా?" అన్నాడు కైలాసం. గల్లీ గల్లీ అంతా గొల్లుమంది.

"దిష్టి తాకింది," అని ఆగమ్మ గుమ్మడికాయ తిప్పి కొట్టింది. ఈ తిప్పుడు పూర్తయ్యేలోపు డబ్బా చల్లారింది కాబట్టి మళ్లీ లేచింది. "చూసిన్రా!" అని ఆగమ్మ అనేంతలో మళ్లీ పడుకుంది.

మేడ మెట్ల మీంచి గొంతు వినబడింది. "నేను చెప్పలేదాండీ? వేడి ప్రాసెసరండీ అది."

ప్రేమ్‌రాజ్ మూలనున్న అచ్చుల వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు భిక్షపతికి ముల్లులా దిగింది.

"నడువున్రి! బాలకిషన్‌గాని సంగతి చూద్దాం!"

డబ్బాను దండతోనే ట్రాలీ ఆటో ఎక్కించారు. భిక్షపతి, ప్రేమ్‌రాజ్, నేను చెప్పలేదా అనడానికి వేణుమాధవ్, నవ్వు సగంలో ఉన్న కైలాసం వెంట కూర్చున్నారు. దారిలో ఒకాయన దండం పెట్టి, "ఏందన్నా, ఇంక నిమజ్జనం కాలేదా?" అన్నాడు.

"దీనికి కాదు, అమ్మినోనికి చేస్తం!" అని అరిచాడు భిక్షపతి.

బాలకిషన్ అగరొత్తులు తిప్పుతున్నాడు. "ఏం సరుకయ్యా నీది? గుమ్మడికాయ కొట్టినా నడుస్తలేదు! పోరని బతుకుతోని ఆటలా?" అని భిక్షపతి బల్ల గుద్దాడు. అగరొత్తుల బూడిద రాలింది.

"అరె భాయ్, ఠైరో. ప్రాసెసర్ కంటె నువ్వే ఎక్కువ వేడెక్కినవ్," అంటూ బాలకిషన్ పక్కరేకు ఊడదీసి కంప్యూటర్ ఆన్ చేశాడు. కైలాసం ఆడాడు. ఒక పందెం గెలిచాడు. రెండోది గెలిచాడు. నవ్వడానికి వచ్చానన్న సంగతి మరిచిపోయాడు. డబ్బా ఆగలేదు.

"ఏముంది దీనికి?" అని బాలకిషన్ రేకు బిగించాడు. మూడో పందెంలో కైలాసం ముందుండగా తెర నల్లబడింది.

"అరే! గెలుస్తుంటి గదా!" ఇప్పుడు కైలాసానికీ కోపమొచ్చింది.

"ఖరీదైనది పెట్టి చూడండి మరి," అన్నాడు వేణుమాధవ్.

"దానికి బోర్డు కూడ వేరే ఉంటది సార్!" అని బాలకిషన్ పళ్లు కొరికి, షాపులో నడుస్తున్న తన ఖరీదైన ప్రాసెసర్‌ను బోర్డుతో సహా పీకి, నీలం డబ్బాలో దించి, మూసి, నడిపాడు. అదీ ఆగింది. దానితోపాటు వేణుమాధవ్ నోరూ ఆగింది.

బాలకిషన్ చెమట తుడుచుకుని డబ్బా మీద చెయ్యేశాడు. చెయ్యి కాలింది. చల్లారాక పక్కరేకు మీద మెల్లగా అరచెయ్యి రాశాడు. మళ్లీ రాశాడు.

"ఏక్ మినిట్. నేనిచ్చిన డబ్బాకు కంతలుండె."

ఈ మాట కోసమే నిన్నటి నుంచి కాచుక్కూర్చున్నట్టు భిక్షపతి భగ్గుమన్నాడు. "ఉండె! ఇప్పుడు ఒప్పుకుంటున్నవా? మస్తు కంతలుండె! పోరని మొకం చూసి కంతల డబ్బా అంటగట్టినవ్. ఇజ్జత్ పోవద్దని పొద్దంత కూసుండి నా చేతులతోని పూడ్చిన! ఒక్క కంత దొరుకుతదేమో చూడు!"

కింద గాజుల దుకాణంలో గాజులు గలగలలాడటం వినబడింది.

"బాపూ," అన్నాడు ప్రేమ్‌రాజ్ నెమ్మదిగా, "గవి గాలి పోను పెట్టిన కంతలు."

"అన్నా, నీ ముక్కులల్ల ప్లాస్టర్ పెడితే నువ్వెంతసేపు ఉరుకుతవ్?" అన్నాడు బాలకిషన్. "రేకు తీస్తే గాలొచ్చింది, నడిచింది. పెడితే ఉడికింది, ఆగింది. నేనిచ్చిన ప్రాసెసర్ మంచిదే, ఈ సార్ చెప్పిన ప్రాసెసర్ మంచిదే, గుమ్మడికాయ గూడ మంచిదే. వెనక గూడ పూడ్చినవా?"

"లేదు," అన్నాడు భిక్షపతి. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని ధూల్‌పేట్‌లో ఎవరికీ తెలియదు. "వీపు ఎవరు చూస్తరని ఇడిసిపెట్టిన."

"అందుకే ఇంక పానంతోని ఉంది."

కైలాసం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ప్రేమ్‌రాజ్ మాత్రం తండ్రి గోళ్ల సందుల్లో ఎండిన ప్లాస్టర్‌ను చూశాడు. "నన్ను అడిగితే అయిపోవు గద బాపూ."

"అడిగితే నీ మొకం చిన్నబోతదనుకున్నరా," అన్నాడు భిక్షపతి. ఇప్పుడు చిన్నబోయిన మొకం ఎవరిదన్న మాట ఎవరూ ఎత్తలేదు.

"ముచ్చట్లు తర్వాత," అన్నాడు కైలాసం కళ్లు తుడుచుకుని. "తొందరగ తవ్వున్రి. నా మూడో పందెం సగంల ఉంది."

బాలకిషన్ స్క్రూడ్రైవర్ అందించాడు. భిక్షపతి నేల మీద కూర్చుని కంతలన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. గాలి ఆడింది, కైలాసం ఆడాడు, ఆ దసరా నుంచి ముందుగదిలో ఆట ఆగలేదు. భిక్షపతి మళ్లీ ఏ డబ్బా కంతా మూయలేదు. తన మొకానికున్న పెద్ద కంత మాత్రం ఆ ఒక్క రోజే మూశాడు.