పళ్ళెంలో ఒంటరి పండు

ఉదయం ఆరున్నరకి గడియారాల మెకానిక్ మేడ మీదకి వెళ్ళి పండుని చూసి వచ్చాడు. ఆరూ ముప్పైనాలుగుకి మళ్ళీ వెళ్ళాడు. మొదటిసారి ఎడమవైపు సరిగ్గా చూడలేదేమోనని అనుమానం వచ్చింది. ఏడయ్యేసరికి ఎనిమిదిసార్లు మెట్లెక్కి దిగాడు. వాటిలో రెండుసార్లు, ఎందుకొచ్చాడో పైకి వెళ్ళాక గుర్తురాక, వచ్చాను కదా అని పండుని చూసి దిగాడు.

దుకాణంలో ఈ మనిషి ఇలా ఉండడు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటే చీమ మోకాలంత స్క్రూని గంటసేపు ఊపిరి బిగబట్టి బిగించగలడు. అదే మేడ మీద కుండీల మధ్యకి వెళ్తే కాలుగాలిన పిల్లి.

ఆ పండు పేరు అరజా. ఎక్కడో వాన ఆగని అడవుల్లో పుట్టిన చెట్టు. మొక్క అమ్మిన నర్సరీ అతను, ఇది పండిందంటే తేనెటీగలు ఉద్యోగాలు మానేస్తాయన్నాడు. ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో మెకానిక్ దానికి కుండీలు మార్చాడు, మట్టి మార్చాడు, దిక్కు మార్చాడు. ఒక వానాకాలం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొడుగుని దానికి కట్టాడు. ఆ ఏడాది మొగుడూ పెళ్ళాలిద్దరూ తడిశారు, వానల అడవి మొక్క మాత్రం పొడిగా ఉంది. చివరికి ఈ ఏడు ఒక పువ్వు పూసి, ఒకే ఒక్క కాయ నిలిచింది. పక్షులు పొడవకుండా భార్య దానికి వలగుడ్డతో ముచ్చటైన సంచి కుట్టిచ్చింది. సంచితోపాటు ఒక షరతు కూడా ఇచ్చింది.

ఆవిడ ముందుగదిలో కుట్టుపని నేర్పుతుంది. నాలుగు మిషన్లు, నేర్చుకునేవాళ్ళు పదకొండుమంది. గది ఎంత ఇరుకంటే పోయిన నెల ఇద్దరు చెరో చొక్కా మొదలుపెట్టి, ఇద్దరూ కలిసి ఒకే చొక్కా పూర్తిచేశారు. అందుకని ఆవిడ పెట్టిన షరతు ఇది. పండ్ల సంఘం ఈ పండు బాగుందంటే మేడ జీవితాంతం ఆయనది. బాగాలేదంటే కుండీలన్నీ కిందకి, రేకుల షెడ్డూ మిషన్లూ పైకి. కేలండరు వెనక రాసుకుని ఇద్దరూ సంతకాలు చేశారు.

అరుదైన పండ్ల పెంపకందారుల సంఘంలో మెకానిక్ ఆరేళ్ళుగా తాత్కాలిక సభ్యుడు. సొంత కుండీలో పండిన పండు కమిటీ నాలుక మీద నెగ్గితేనే పర్మనెంటు. కమిటీ అంటే ఇద్దరు. రిటైరైన సర్వేయరు అధ్యక్షుడు, మందుల షాపు నడిపే ఒకావిడ కార్యదర్శి. నియమాలు మాత్రం ఇరవైమూడు. రుచి చూసే రోజు మూడు గంటలముందు నుంచీ వాళ్ళేమీ తినరు. పోయిన ఏడాది ఒక సభ్యుడు జామపండుకి సూదితో పంచదార పాకం ఎక్కించి దొరికిపోయాడు. అప్పటినుంచి అధ్యక్షుడు ఏ పండు తియ్యగా ఉన్నా ముందు దాని నడవడిక గురించి వాకబు చేస్తున్నాడు.

పదిన్నరకి మెకానిక్ పండు కోసి, నిండు బిందె మోస్తున్నట్టు రెండు చేతులతో కిందకి తెచ్చాడు. పచ్చగా, గుండ్రంగా, ఇల్లంతా కమ్మేసే వాసన. భార్య పెద్ద తెల్ల పళ్ళెం తీసి మధ్యలో పెట్టింది. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

"రైలు తప్పిపోయిన మనిషిలా ఉందండీ," అంది భార్య. "ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఇంత ఖాళీ పళ్ళెం పెడతామా?"

"వాళ్ళేమీ తినకూడదే. నియమం నాలుగు."

"తినకపోతే మానె. కంటికైనా నిండుగా ఉండద్దూ?"

అప్పటికే ఆయన మేడ మెట్లమీద ఉన్నాడు. పండు కోసేశాక చెట్టుకేమైనా దిగులు పట్టిందేమోనని చూసి రావడానికి. ఆయన దిగేలోపు ఆవిడ మెట్ల మొదట్లో ఉన్న తన పొద దగ్గరికి వెళ్ళింది.

ఆ పొదకి ఊరూ పేరూ లేదు. అయిదేళ్ళక్రితం ఆవిడే ముచ్చటపడి కొనుక్కొచ్చింది. నర్సరీ అతను పేరు రాసిచ్చిన చీటీ ఎప్పుడో పోయింది, పండు తినొచ్చుగానీ తిని లాభం లేదన్న మాటొక్కటే గుర్తుంది. రోజూ మిగిలిన టీ అంతా ఆవిడ దాని మొదట్లో పోస్తుంది. మెకానిక్ దృష్టిలో దానికున్న ఉపయోగం ఒక్కటే, తడి మేజోళ్ళు ఆరేసుకోవడం. ఆవేళ కూడా ఒక జత వేలాడుతూనే ఉంది. దాని పక్కనుంచి ఆవిడ గోరంత ఎర్ర పండ్లు తొమ్మిది కోసి, అరజా చుట్టూ దండలా పేర్చింది.

పదకొండింటికి కమిటీ వచ్చింది. పళ్ళెం చూసి అధ్యక్షుడు తొమ్మిదో నియమం గుర్తుచేశాడు. కమిటీ ముందు పళ్ళెంలో పెట్టిన ప్రతి పండునీ రుచి చూసి రిజిస్టరులో రాయాల్సిందే. అవి అలంకారానికని మెకానిక్ ఎంత చెప్పినా, అలంకారానికి విడిగా నియమం లేదన్నాడు. ఇద్దరూ చెరో రెండు ఎర్ర పండ్లు నోట్లో వేసుకుని, ఉన్న కాస్త గుజ్జునీ నాలుకతో వెతుక్కుని, గింజలు ఊసేశారు. కార్యదర్శి రాసింది: "చిన్న ఎర్ర పండు. గింజ ఎక్కువ, కండ తక్కువ. రుచి లేదు. సిఫారసు లేదు."

మెకానిక్ భార్యకేసి చూసిన చూపుకి గోడ గడియారమైతే ఆగిపోయేది.

తర్వాత అధ్యక్షుడు టేపు తీసి అరజాని నిలువూ అడ్డం కొలిచి, నాలుగు ముక్కలు చేశాడు. తనకొకటి, కార్యదర్శికొకటి, యజమానికొకటి, నమూనాగా దాచడానికొకటి. యజమాని ఆఖర్న తినాలి. అధ్యక్షుడు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరవలేదు. గదిలో పదకొండు గడియారాలు ఒకే సెకనుకి టక్కుమంటున్నాయి. మెకానిక్ ఒక కాలిమీదనుంచి ఇంకో కాలిమీదకి మారాడు. మూడో కాలుంటే దానిమీదకీ మారేవాడు.

కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నలభై రకాలు తిన్నాను," అంది మెల్లగా. "ఇలాంటిది తినలేదు. తేనె అంటే తక్కువ చేసినట్టవుతుంది."

ఆరేళ్ళ గాలి ఒక్కసారి వదిలి, మెకానిక్ తన ముక్క నోట్లో వేసుకున్నాడు. ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. చెవుల వెనక ఏదో స్ప్రింగు తెగింది. పళ్ళన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి జరిగాయి. అంత పులుపు మనిషి నోటికోసం పుట్టింది కాదు, ఇత్తడి తోమడానికి పుట్టింది.

ఏమైనా అనాలి. అందరూ చూస్తున్నారు. "తేనే," అన్నాడు. గొంతు వేరే ఇంట్లోంచి వచ్చింది.

భార్య ఆ మూతబడ్డ కన్ను చూసి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఒట్టి నీళ్ళేం ఇస్తామని ఒక నిమ్మకాయ పిండింది. పంచదార నిషేధం, ఆ సంగతి నియమాల కాగితంలో గోడమీదే ఉంది. అధ్యక్షుడు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇందులో పంచదార ఎంతేశావమ్మా?"

"వెయ్యలేదు బాబాయిగారూ."

కార్యదర్శి కూడా తాగి చూసి, షర్బత్తులా ఉందంది. అధ్యక్షుడి మొహంలో జామపండు కేసు తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే మెకానిక్ గ్లాసు అందుకోబోయి వంగాడు. చొక్కా జేబులోంచి సన్నని సూది ఉన్న గొట్టం ఒకటి జారి, దొర్లుకుంటూ వెళ్ళి అధ్యక్షుడి బూటు దగ్గర ఆగింది. పదకొండు గడియారాలూ టక్కుమన్నాయి.

"గడియారాలకి నూనె వేసేది సార్," అన్నాడు మెకానిక్.

"జామపండాయన చెవిలో మందు వేసుకునేదన్నాడు," అన్నాడు అధ్యక్షుడు.

నేరం రుజువైతే జీవితకాల బహిష్కారం. రిజిస్టరులో పేరు మీద ఎర్రగీత, మేడ మీద రేకుల షెడ్డు. మెకానిక్ తన ఇల్లంతా వెతుక్కోమన్నాడు. వాళ్ళు మొహమాటపడకుండా వెతికారు. పంచదార డబ్బా తెరిస్తే ఖాళీ. అయిపోయి మూడు రోజులైందని భార్య చెప్పింది. మొత్తం ఎక్కించేశారన్నమాట, అని అధ్యక్షుడు కార్యదర్శితో అన్నాడు. బుట్టలోంచి కోయని నిమ్మకాయ తీసి కోసి నాకాడు. తియ్యగా ఉంది. మెకానిక్ భూతద్దమే అడిగి పుచ్చుకుని ఇంకో నిమ్మకాయ తొక్కని పరీక్షించాడు. తొక్కనిండా సన్నని గుంటలు. ఒకచోట కాదు, కొన్ని వందలచోట్ల పొడిచారని ఆయన ప్రకటించాడు. గడియారాల అద్దాలు తుడిచే వినిగర్ సీసా కనిపిస్తే కార్యదర్శి చెంచాడు చప్పరించి, ఇదీ తీపేనని రాసుకుంది.

"వినిగర్‌కి ఎవరైనా పంచదార ఎందుకు కలుపుతారండీ?" అంది భార్య.

"చెయ్యి అలవాటు పడిపోయుంటుంది," అన్నాడు అధ్యక్షుడు.

ఇక ఇంట్లో వస్తువుని నమ్మేది లేదని నలుగురూ వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్ళారు. అధ్యక్షుడు తన చేత్తోనే బస్తా అడుగునుంచి ఒక నిమ్మకాయ ఏరి, అందరి ముందూ కొరికాడు. నమిలాడు. కొట్టతనికేసి బాధగా చూసి, నువ్వు కూడా ఇతని మనిషివేనా అని అడిగాడు. కొట్టతను మిగతా సగం కొరికి, ఒక పూట సరిపోయేంత కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఉప్పు కొనడానికొచ్చినాయన తానూ కొరికి, ఉప్పు మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఈ పెద్దవాళ్ళిద్దరినీ డాక్టరుకి చూపించమని కొట్టతను మెకానిక్ చెవిలో అన్నాడు.

కార్యదర్శికి మొదటిసారి భయం వేసింది. మందుల షాపులో ఇన్నేళ్ళుగా నాలుక జబ్బుల గురించి విన్నవన్నీ గుర్తొచ్చాయి. అధ్యక్షుడు ఉల్లిపాయల బస్తా మీద కూలబడి, తన తర్వాత టేపు ఎవరికి చెందాలో చెప్పడం మొదలుపెట్టాడు. కార్యదర్శి రాసుకుంది.

భార్య మాత్రం ఇంటికి వెళ్ళింది. పళ్ళెంలో మిగిలిన ఎర్ర పండ్లలో ఒకటి నోట్లో వేసుకుని, వీధంతా దాన్ని చప్పరిస్తూ తిరిగొచ్చింది. గింజ ఊసి, కొట్టులో ఒక నిమ్మకాయ కోయించుకుని, బత్తాయి తొనలు తిన్నట్టు మొత్తం తినేసింది. చేతులు తుడుచుకుంది.

"నా పొదండీ," అంది.

కమిటీకి సంగతి అర్థమవడానికి ఇంకో రెండు నిమ్మకాయలు పట్టాయి. పండుకి రుచి లేకపోవడం నిజమే. నాలుక మీద కాసేపు ఉండి పక్కవాళ్ళ పులుపుని తీపి చేయడమే దాని పని. గంట గడిచాక వాళ్ళ నాలుకలు వాటి దారికి అవి వచ్చాయి. అప్పుడు అధ్యక్షుడు దాచిన నమూనా అరజా ముక్కని మళ్ళీ రుచి చూశాడు. ఆయన మొహం మీద అప్పుడు పడినన్ని గీతలు ఆయన గీసిన ఏ మ్యాపులోనూ లేవు. కార్యదర్శి అరజా ఎదురుగా రాసింది: "వాసన చూడవచ్చు."

తర్వాత అందరూ మేడ మెట్ల దగ్గరికి వెళ్ళి పొద చుట్టూ నిలబడ్డారు. పదిహేడో నియమం ప్రకారం మొక్క దాన్ని పోషించినవాళ్ళది. ఇది ఎవరు పోషించారని అధ్యక్షుడు అడిగాడు. మెకానిక్ నోరు తెరిచాడు. ఆరేళ్ళు గిర్రున తిరిగాయి. ఒక్క మాట చాలు, పర్మనెంటు, మేడ, అన్నీ తనవే. భార్య పొద మీద ఆరుతున్న ఆయన మేజోళ్ళకేసి చూసింది.

"తను రోజూ టీ పోసింది సార్," అన్నాడు మెకానిక్. "నేను మేజోళ్ళు ఆరేశాను."

ఎర్ర పండుకి సిఫారసు లేదన్నది కొట్టేసి, రిజిస్టరులో ఆవిడ పేరు పర్మనెంటుగా ఎక్కించారు. ఆయన పేరు పక్కన తాత్కాలికం అలాగే ఉండిపోయింది. కేలండరు వెనక రాసిన ప్రకారం మేడ ఆవిడ చేతికి వచ్చింది. కానీ షెడ్డు వేయలేదు, వేస్తే పొదలకి ఎండ తగలదు. ఇప్పుడక్కడ నలభై కుండీలున్నాయి. పొద్దున్నే ఆరున్నరకోసారి, ఆరూ ముప్పైనాలుగుకోసారి ఆవిడ మెట్లెక్కి వాటిని చూసి వస్తోంది. మెకానిక్ ముందుగదిలో అయిదో మిషను ముందు కూర్చుని ఎర్ర పండ్లకి గోరంత వలసంచులు కుడుతుంటాడు. చేయి అదరదు, కుట్టు సన్నంగా పడుతుందని పర్మనెంటు సభ్యురాలు మెచ్చుకుంది.

అరజా చెట్టు ఇంకా మేడ మీదే ఉంది, మేజోళ్ళు దాని మీద తొందరగా ఆరుతున్నాయి.