అడిగితే ఏమీ లేదంటుంది

ఆ ఆదివారం పొద్దున యోగానంద మేష్ట్రు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయన వ్యాసం అచ్చయిన పత్రికవి మద్రాసు నుంచి మూడు ప్రతులు వచ్చాయి. ఒకటి తను దాచుకోవాలి, ఒకటి పక్కింటి నాగరత్నమ్మకు ఇవ్వాలి, మూడోది బస్సులో పాతపాళ్యంలోని మామగారికి పంపాలి. బాగేపల్లిలో అందరూ మాట్లాడేది తెలుగే అయినా బడిలో నేర్చింది కన్నడం కాబట్టి, తెలుగు అచ్చు చదివేవాళ్ళు ఆయనకు అంతకంటే ఎక్కువ దొరకలేదు.

స్త్రీల బతుకు గురించి రాసేటప్పుడు వాదాలు పనికిరావని, చదివేవాళ్ళ గుండె పిండాలని ఆయన సిద్ధాంతం. పిండడానికి ఒక ఆడమనిషి కావాలి కదా, భార్య అలమేలుమంగ చేతికందింది. ‘మా ఇంటనే ఒక స్త్రీమూర్తి ఉంది. పన్నెండేళ్ళుగా నవ్వెరుగదు. అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. అడిగితే, నాకేం లోటు అంటుంది. ఆ మాట వెనక ఎన్ని కన్నీళ్ళో!’

అది చదివి అలమేలుమంగ పొట్ట పట్టుకుని నవ్వింది. “మిగిలింది తినేది నేనా? మొన్న ఒబ్బట్లు మీకు రెండు, నాకు అయిదు!”

“ఉన్నదున్నట్టు రాస్తే ఎవురికి ఏడుపొస్తుందే?” అని మేష్ట్రు పత్రికలు పంచడానికి బయలుదేరాడు.

మధ్యాహ్నానికి నాగరత్నమ్మ పాయసం గిన్నెతో వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వ్యాసం ఆమె చేత చదివించుకుని విన్న రైతు ఇల్లాలు రామలక్ష్మమ్మ, వెన్నముద్దతో వెనకే వచ్చింది.

“ఇంత బాధ కడుపులో పెట్టుకోని, నాకొక మాట చెప్పకపోతివే అలమేలూ!” అంది నాగరత్నమ్మ.

“అయ్యో, నాకేం లోటక్కా?”

వచ్చినవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అచ్చంగా పత్రికలో ఉన్న మాటే! నాగరత్నమ్మ భోరుమంది. అలమేలుమంగకు నవ్వాగలేదు.

“నవ్వుతాండాది సూడమ్మా! దుఃఖం తలకెక్కిండాది,” అంది రామలక్ష్మమ్మ. ఆ కబురు వీధి చివరికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇల్లు ఆడవాళ్ళతో నిండిపోయింది.

నాలుగింటికి బస్సులో మామగారు ఆదిశేషయ్య దిగాడు. గుడి తాళాలు తమ్ముడికిచ్చి, సాయంత్రం పూజ కూడా వదిలి వచ్చాడు.

“బట్టలు సర్దుకోమ్మా. బస్సు అరగంటలో తిరుగుతాది.”

“నాకేమీ కష్టం లేదు నాయనా!”

“అట్లే అంటావని రాసుండాది తల్లీ.”

యోగానంద గబగబా అడ్డొచ్చాడు. ఒక్క అలంకారం కూడా నోటికి రాలేదు. “మామా, అదంతా నేను కల్పించింది. ఆమె లేకుంటే నాకు ఇల్లు ఇల్లుగా ఉండదు. పొద్దున ఆమె నవ్వు వినకుంటే నాకు బడికి పోబుద్ధి కాదు.”

“ఆ మాటే రాసుండచ్చు కదప్పా?”

“అది రాస్తే ఎవురు అచ్చేస్తారు మామా?”

“దొరికినాక అందరూ ఇట్లే అంటారు,” అని ఆదిశేషయ్య కూతురి చెయ్యి పట్టుకున్నాడు. వీధి చివర బస్సు హారన్ మోగింది.

ఇక నిజంతో పని జరగదని అలమేలుమంగకు అర్థమైంది. కొంగు కళ్ళకద్దుకుంది.

“వస్తాను నాయనా. ఈయన్ని తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతాది. పిల్లోళ్ళ ముందర అరిచి అరిచి, గొంతు పోయి ఇల్లు చేరతాడు. అయినా కూర్చోని మన ఆడోళ్ళ కోసం రాస్తాడు. లేని నింద నెత్తినేసుకోని రాసినాడే, మీ మొగుళ్ళెవురన్నా రాసినారా? మనసులో ఎంతుండాదో ఆ మనిషికి! అడిగి చూడండి, నాకేం బాధ అంటాడు.”

అందరూ మేష్ట్రు వైపు తిరిగారు.

“అయ్యో, నాకేం బాధ లేదమ్మా!” అన్నాడాయన, పచ్చి నిజం.

ముందు రామలక్ష్మమ్మ ఏడ్చింది. వెన్నముద్ద ఆయన చేతిలోకి మారింది. పాయసం ఆయన ముందుకు జరిగింది. ఆదిశేషయ్య తన శాలువా తీసి అల్లుడి భుజాల మీద కప్పి, “పాపం, జాగ్రత్తగా చూసుకోమ్మా,” అని ఒక్కడే బస్సెక్కాడు.

జనం వెళ్ళాక మొగుడూ పెళ్ళాలు పాయసం చెరిసగం పంచుకున్నారు. భార్య దక్కిందన్న సంతోషంతో యోగానందకు కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులోనే, పురుషుల దీనస్థితి మీద ఒక వ్యాసం రాయాలని లేచాడు.

సిరాబుడ్డి కనబడలేదు.