బల్ల కింద ఉద్యోగం

మాజీ సైనికుల వైకల్య పరిశీలనా సంఘం తన ముందుకు వచ్చిన వాళ్ళందరినీ ఆరోగ్యవంతులుగా ప్రకటించి, ఆ ఏడు కూడా దేశంలో వైకల్యాన్ని గణనీయంగా తగ్గించింది. ఏ ఆసుపత్రికీ దక్కని ఘనత ఇది.

గిన్నెల కొట్టు యజమానికి మాత్రం ఈ ఘనత మింగుడు పడలేదు. ఆయన లాభనష్టాలు తెలిసిన మనిషి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన బావమరిదిని, భార్య పోరు పడలేక కొట్లో పెట్టుకున్నాడు. గిన్నెల కొట్టన్నాక మూతలు జారకుండా ఉంటాయా? మూత ఖంగుమన్నప్పుడల్లా బావమరిది బల్ల కింద దూరేవాడు. బతిమాలి బయటికి రప్పించేసరికి బేరం కాస్తా పక్క కొట్టుకి పోయేది. పింఛను వస్తే ఇంట్లో ఉంటాడు, రాకపోతే వీధిలో ఉంటాడని యజమాని భార్యకు తేల్చి చెప్పేశాడు.

విచారణ రోజున, బావమరిదిని వెంటబెట్టుకొచ్చిన యజమానిని సంఘం అధ్యక్షుడు ఆప్యాయంగా అడిగాడు.

"కొట్లో ఏం పని చేస్తాడు?"

"పనా నా బొందా! చప్పుడైతే చాలు, బల్ల కిందే ఉంటాడండీ."

"రోజూనా?"

"రోజూనండీ."

"క్రమం తప్పడన్నమాట. రాసుకోవయ్యా," అని గుమస్తాకి చెప్పి, అధ్యక్షుడు బావమరిది వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "మీ త్యాగాన్ని ఈ దేశం ఏనాటికీ మరువదు. కానీ..."

'కానీ' వినగానే యజమాని ఉంగరం చెయ్యి, దానంతట అదే, జేబులోని కవరుతో సహా బల్ల కిందికి వెళ్ళింది. వ్యాపారం నేర్పిన చెయ్యి అది.

"...కానీ, బల్ల కింద పని చేసేవాడు ఉద్యోగం పోగొట్టుకోవడం నా సర్వీసులో చూడలేదు!"

సభ్యులు పరవశించి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి బావమరిది బల్ల కింద దూరి, వణుకుతూ, అందిన చేతిని గట్టిగా పట్టుకున్నాడు. అది కవరు అందుకుంటున్న గుమస్తా చెయ్యి. అధ్యక్షుడు వంగి చూశాడు. 'కరచాలనం చేయగలడు. తోటి ఉద్యోగులతో ఇట్టే కలిసిపోతాడు. దరఖాస్తు తోసిపుచ్చడమైనది' అని రాయించాడు. కవరు గుమస్తా జేబులోకే పోయింది.

"బయటికి తగలడు! ఇంటికెళ్ళి నీ మూట సర్దుకో," కవరు కోసం ఇంకా బల్ల కింద తడుముతూ, యజమాని పళ్ళు కొరికాడు.

"ఉండు బావా," బల్ల కింద నుంచి గొంతు వినబడింది. "ఈ ఉంగరం చెయ్యి నీదేగా? మీరంతా ఇక్కడే ఉంటారని తెలీక, నేనొక్కణ్ణే దాక్కుంటున్నానని ఇన్నాళ్ళూ సిగ్గుపడి చచ్చాను."