బరువు మోయని బండి మహిమ

పికప్ ట్రక్కు బరువులు మోయడానికి పుట్టిందని ఎవరన్నారండీ? ఆ అపోహ వల్లే మా డెల్మర్ హాల్వర్సన్ శనివారాలు ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు మట్టిలో కలిసిపోయాయి!

డెల్మర్ మా నెబ్రాస్కాలో గొడ్లు పెంచుకునే మనిషి. వాళ్ళ నాన్న కొన్న అరవై ఏడు మోడల్ పికప్ అతని దగ్గరుండేది. అప్పట్లో ట్రక్కంటే మందపాటి రేకు, ఇంజను, ముగ్గురు ఇరుక్కుని కూర్చునే ఒకే పొడుగాటి సీటు. ఏసీ కావాలంటే రెండు అద్దాలూ చేత్తో తిప్పి దించుకోవాలి. చెడిపోతే సుత్తి, ఇనప తీగ, నాలుగు తిట్లు చాలు. ఇంతకన్నా అనాగరికం ఉంటుందా?

పైగా వెనక తొట్టి ఒకటి! తొట్టి కనబడితే జనం ఊరుకుంటారా? "డెల్మర్, ఈ సోఫా కాస్త..." "డెల్మర్, మా దూడకి ఒంట్లో బాలేదు..." చర్చికి బల్లలు, బడికి బ్యాండు డప్పులు, ఓసారి పెళ్ళికూతుర్ని కూడా మోశాడు. కూలీ ఏమిటంటారా? ఆపిల్ పై అనే తీపి వంటకం ఓ ముక్క, కాఫీ, గంటన్నర కబుర్లు.

నిరుడు డెన్వర్ నించి ఒకాయన వచ్చి, తన హోటల్లో అలంకారంగా నిలబెట్టుకుంటానని దాన్ని కొనుక్కెళ్ళాడు. డెల్మర్ కొత్తది తెచ్చాడు. ఆహా! మీట నొక్కితే వేడెక్కే తోలు సీట్లు, టీవీ అంత తెర, ముత్యంలా మెరిసే రంగు!

మొదటి శనివారమే పొరుగు రైతు ముళ్ళ కంచె చుట్టలు మోసుకొచ్చాడు. డెల్మర్ గేటు దగ్గరే ఆపేశాడు. "వద్దయ్యా, గీత పడుతుంది!"

వార్త ఊరంతా పాకింది. ఆ తర్వాత ఒక్కరు వస్తే ఒట్టు! ఎంత ప్రశాంతత! డెల్మర్ పొద్దున బండి తుడిచేవాడు. తోచక మధ్యాహ్నం మళ్ళీ తుడిచేవాడు. నడుంనొప్పి పోయింది. ఆపిల్ పై ముక్కలు లేక షుగరూ తగ్గింది. వైద్యశాస్త్రం ఇంకేం కోరుతుంది?

"మన ఫోను పనిచేస్తోందా?" అని ఓ రోజు భార్య మావిస్‌ని అడిగాడు.

"శుభ్రంగా. నీకే ఎవరూ చెయ్యడం లేదు."

అక్టోబర్లో ఎదురింటి ఓపల్ గారి వాకిట్లో అద్దె వ్యాను ఆగింది. ఎనభై ఒకటో ఏట ఆవిడ ఇల్లు ఖాళీ చేసి టౌనుకి పోతోంది. డెల్మర్ రోడ్డు దాటి పరుగున వెళ్ళాడు.

"ఓపల్ గారూ, నాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"ఎలా చెప్పనయ్యా? నీ బండి చూస్తే బూట్లు విప్పి ఎక్కాలనిపిస్తుంది. నా సామానుకేమో మసి."

వ్యాను వాళ్ళు బరువని వదిలేసిన ఇనప పొయ్యి వరండాలో ఉంది. డెల్మర్ బండి తెచ్చి, వెనక తలుపు దించి, వ్యాను మనుషులతో కలిసి పొయ్యి ఎత్తాడు. కర్ర్‌మంది! ముత్యం రంగు మీద మూరెడు గీత.

"అయ్యో, నా తండ్రీ!" అని ఓపల్ గారు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు డెల్మర్.

టౌను దాకా ఆవిడ పక్కనే కూర్చుంది. "ఈ సీటు కాలుతోందేమిటయ్యా? పొయ్యి వెనక కదా పెట్టాం?" డెల్మర్ పగలబడి నవ్వాడు. ఏడాదయింది అలా నవ్వి.

మర్నాడు మెకానిక్ అన్నాడు, "రెండు గంటలివ్వండి, గీత మాయం చేస్తాను."

"ముట్టుకోకు," అన్నాడు డెల్మర్. "దూరాన్నించి కనబడాలి."

కనబడుతోంది లెండి. ఈ శనివారం ఎవరివో రెండు సోఫాలు, ఓ మేక. అతని ప్రశాంతత ఇలా భగ్నం కావడాన్ని ఈ కాలమిస్టు తీవ్రంగా ఖండిస్తున్నాడు. నా పాత ఫ్రీజరు వంతు వచ్చే వారం.