గంగమ్మ గుడికి ఇరవై రౌండ్లు

వంశ గౌరవం అనేది చివరికి దండెం మీదే తేలుతుంది! ఈ సత్యం పాతబస్తీలో సుశీలమ్మకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అందుకే ఆ పొద్దు డాబా మీద బట్టలు ఆరేసే పనిని ఆమె దేశ సరిహద్దు కాస్తున్నంత శ్రద్ధగా చేస్తోంది. ముందు వరసలో మామిడిపండు రంగు చీర. వెనుక వరసలో భర్త వైకుంఠంగారి రెండు పంచెలు. ఆ రెండు వరసల నడుమ ఇరుకులో, లోకానికి కనబడకుండా, మోకాళ్ల దాకా వచ్చే నల్లటి ఈత బట్టలు.

అవి కోడలు స్రవ్యవి. స్రవ్యకు ఏడో నెల. నడుము నొప్పితో గోడ పట్టుకుని నడుస్తుంటే, ఈత కొడితే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఈత ఆమెకు కొత్తేం కాదు. ఆరేళ్లప్పుడే వీపుకు బెండ్లు కట్టుకుని నాయన పొలం బావిలో దూకిన పిల్ల. సైదాబాద్ దిక్కున్న సర్కారు ఈతకొలనులో, ఆడవాళ్ల సమయానికి ఆమె పేరు రాయించాడు భర్త మనీష్.

అక్కడి గుమాస్తా కైలాసం దరఖాస్తును మూడుసార్లు తిరగేశాడు.

"నాలుగడుగుల లోపు ఎత్తున్నోళ్లను పెద్ద కొలన్ల దింపొద్దు మేడం. మీతోని ఇంకొకరు వస్తున్నరు. వారి ఎత్తు రాయలే."

"బయటికొచ్చినంక కొలిచి రాస్తం అన్నా," అంది స్రవ్య.

కైలాసం ఎర్ర సిరాతో 'రెండవ వ్యక్తి కొలత పెండింగు' అని రాసి, ముద్ర గుద్ది పంపించాడు. అలా ప్రభుత్వం ఒప్పుకుంది. ఇక మిగిలింది సుశీలమ్మ!

ఆమె రెండు షరతుల మీద ఒప్పుకుంది. ఒకటి, గల్లీలో ఎవరికీ తెలియకూడదు. రెండు, మొదటిది మరిచిపోకూడదు. గల్లీ భజన మండలికి ఆమె అధ్యక్షురాలు మరి! కడుపుతో ఉన్నవాళ్లు ఏం తినాలో, ఎటు తిరిగి పడుకోవాలో, రోజుకు ఎన్నిసార్లు గడప దాటొచ్చో తీర్పు చెప్పేది ఆమే. పక్కింటి నాగమణమ్మ కోడలు సోనీ నాలుగో నెల కడుపుతో స్కూటీ నడిపిందని తెలిసి, మూడు శుక్రవారాలు నాగమణమ్మ చేతికి భజన తాళాలు ఇవ్వలేదు. తాళాలు లేకుండా భజనలో కూర్చోవడమంటే విస్తరి లేకుండా పంక్తిలో కూర్చోవడమే.

"వదినా!" అంటూ పిట్టగోడ అవతల ఆ నాగమణమ్మ తలే లేచింది.

సుశీలమ్మ చీరను జానెడు పక్కకు లాగింది. సరిగ్గా అప్పుడే తడి జుట్టు వీపున వేసుకుని, ఫోనులో మనీష్‌తో మాట్లాడుతూ స్రవ్య మెట్లెక్కి వచ్చింది.

"ఇయ్యాల ఇరవై రౌండ్లు అయినయి. రేపు ఇరవై రెండు చేస్త."

నాగమణమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఇరవై రౌండ్లా! తడిబట్టలతోనా?"

"తడవకుంట ఎట్లయితయి పెద్దమ్మా?"

స్రవ్యకు అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పి ఊరుకోవడం వచ్చు.

"గింత పొట్టతోనా!"

"పొట్ట ఉన్నప్పుడే చెయ్యాలన్నది డాక్టరమ్మ."

"డాక్టరమ్మకు గూడ గింత భక్తా!" నాగమణమ్మ చెంపలు వేసుకుంది. "ఏంది వదినా, తడిబట్టల ప్రదక్షిణలు చేపిస్తూ ఒక్క మాటన్న చెప్పకపోతివి! ఏ గుడి?"

సుశీలమ్మ పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. ఎదుటివాళ్లు తమంతట తాము అల్లుకున్న అబద్ధాన్ని కాదనలేని మొహమాటం మాత్రం ఉంది.

"సైదాబాద్ దిక్కు," అంది.

"ఏ దేవుడు?"

చీర వెనుక ఈత బట్టల్లోంచి నీటిచుక్క టప్పుమంది.

"గంగమ్మ!" అంది సుశీలమ్మ.

మధ్యాహ్నానికల్లా గల్లీ చివర గాజుల దుకాణం దాకా పాకింది ఆ వార్త. సాయంత్రానికి పసుపు కుంకుమలు, అరటిపండ్లు వచ్చాయి. ఆడవాళ్లు స్రవ్య చేతులు పట్టుకున్నారు. "ఒక్క రౌండు మా వరుణ్ నౌకరీ కోసం తిరుగు బిడ్డా!" అని కోరిందొకావిడ. "అట్లనే," అని, మర్నాడు నీళ్లలో నిజంగానే పదిహేడో రౌండు వరుణ్ నౌకరీకి కేటాయించింది స్రవ్య.

సుశీలమ్మ కూడా ఊరుకోలేదు. శుక్రవారం భజనలో కోడలి దీక్షకు నలభై రోజుల గడువు పెట్టింది. మధ్యలో మానితే గంగమ్మ కోపగిస్తుందని చట్టం చేసింది. అందరూ దండం పెట్టారు. అందరికంటే గట్టిగా పెట్టిన నాగమణమ్మ, "మా సోనీకి గూడ ఆరో నెల పడ్డది వదినా. నడుము పట్టేసింది. మమ్ములను గూడ తోల్కపోరాదు?" అంది.

సుశీలమ్మ ఆ రోజు హారతి తొందరగా ఇచ్చేసింది. ఇంటికి రాగానే కోడలి ముందు నిలబడింది. స్రవ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రేపటి సంది బంద్!"

స్రవ్య చేతిలో కాయ ఆగింది. "నీళ్లల్ల ఉన్నంత సేపే అత్తమ్మా, నాకు నొప్పి లేనిది. ఎటు తిరిగి పండుకున్నా నిద్ర పడుతలేదు."

"మాకు రాలేదా నొప్పులు? మేం ఓర్సుకోలేదా?"

"సరే, బంద్ చేస్త. మధ్యల మానితే గంగమ్మ ఊకోదని మీరే అంటిరి కదా. పెద్దమ్మ అడిగితే ఏం చెప్పుమంటరు?"

సుశీలమ్మ లెక్క వేసుకుంది. చట్టం చేసింది తానే, మార్చే అధికారమూ తనదే. కానీ వారం తిరక్కుండా చట్టం మార్చే అధ్యక్షురాలిని ఎవరు లెక్కచేస్తారు? చిక్కుడుకాయల చేట తన వైపు లాక్కుని కూర్చుంది.

ఈత ఆగలేదు. నాగమణమ్మను ఆపడమే మిగిలింది. "గంగమ్మ తానే పిలువాలె. పిలువకుంట పోతే గుడి కండ్లకు కనబడదు," అని కొత్త నియమం వినిపించింది సుశీలమ్మ. "అట్లనా, పిలిచేదాక ఆగుత తియ్," అని వెళ్లిపోయింది నాగమణమ్మ. పీడ వదిలింది!

నాలుగో రోజు నాగమణమ్మ తడి జుట్టుతో వచ్చింది.

"పిలిచింది వదినా!"

"ఎవరు?"

"గంగమ్మ! సోనీని గూడ తోల్కపోయిన. ఏం చల్లని తల్లి! మొదలు మస్తు భయమైంది, దమ్ము ఆడలే. తర్వాత తనే పైకెత్తుకున్నది. ఇగో చూడు, మోకాలు ఎట్ల వంగుతున్నదో!"

సుశీలమ్మ ఆ మోకాలి వైపు వంగి చూసింది. ఆ గుడిని కట్టింది తన నాలుక. ఇటుక లేదు, సున్నం లేదు. ఈమె లోపలికి పోయి దర్శనం ఎలా చేసుకొచ్చింది?

తర్వాతి వారం మండలిలో మరో ముగ్గురిని గంగమ్మ పిలిచింది. ఆపై వారం ఇంకో నలుగురిని. భజనలో పాటలు తగ్గి గుసగుసలు పెరిగాయి. "నీకెన్ని అయినయే?" "ఆరు. నడుమల ఆగిన." ఒకనాడు ఎవరూ లేనప్పుడు సుశీలమ్మ సైదాబాద్ దిక్కు తిరిగి దండం కూడా పెట్టుకుంది. ఏమో, నిజంగానే ఉందేమో!

ఆ శుక్రవారం నాగమణమ్మ అందరి ముందు గొంతు సవరించుకుంది.

"తప్పు పట్టుకోకు వదినా. గంగమ్మ పిలువనిది మండలిల నిన్నొక్కదాన్నే. అధ్యక్షురాలివి, గిట్లయితే ఎట్ల? ఆదివారం ఇంకొకరిని పెట్టుకుందమంటున్నరు అందరు."

పదిహేనేళ్ల పదవి! సుశీలమ్మ ఇంటికొచ్చి తలుపు గడియ వేసింది.

"స్రవ్యా, నిజం చెప్పు. ఆ గుడి ఉన్నదా?"

"లేదత్తమ్మా. వాళ్లంత మా కొలన్లకే వస్తున్నరు. పెద్దమ్మ ఒకనాడు నా ఆటో ఎనుక ఇంకో ఆటోల వచ్చి చూసింది. ఇప్పుడు ఒడ్డున కడ్డీ పట్టుకొని నీళ్లల్ల కాళ్లు మస్తు కొడ్తది. సోనీ అయితే నన్ను దాటిపోతది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎవ్వరికీ చెప్పొద్దని మీరన్నరు. ఎవ్వరికీ చెప్పొద్దని వాళ్లు గూడ అన్నరు. నేను ఎవ్వరికీ చెప్పలే."

"ఇండ్లల్ల ఏం చెప్పొస్తున్నరు?"

"గంగమ్మ గుడికని. మీరు కట్టిన గుడే కదా! లేకపోతే మమ్ముల ఎవరు పోనిస్తుండె అంటున్నరు."

సుశీలమ్మ మంచం మీద కూర్చుంది. గోడను చూస్తూ అడిగింది. "లోతు ఎంతుంటది?"

"ఈ చివర మూడడుగులే."

"నా కొలతకు... బట్టలు దొరుకుతయా?"

శనివారం పొద్దున్నే ఆటో హారన్ మోగింది. స్రవ్య, సోనీ, నాగమణమ్మ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. సుశీలమ్మ చేతి సంచితో గదిలోంచి వచ్చింది. విషయమేమీ తెలియని వైకుంఠంగారు పూజగదిలోంచి పరుగున వచ్చి, పీచు తీసిన కొబ్బరికాయ ఆమె ముందు పెట్టారు.

"ఇన్ని దినాలకు తల్లి పిలిచింది. ఒట్టి చేతులతోని పోతవానే?"

సుశీలమ్మ ఆయన్ను చూసింది. కాయను చూసింది. కాయ అందుకుని, సంచిలో ఉన్న కొత్త రబ్బరు ఈత టోపీలో కుదురుగా అమర్చి, గడప దాటింది.