దొంగ మెచ్చిన దుకాణం

దొంగలు అడుగు పెట్టని దుకాణంలో మీరూ అడుగు పెట్టకండి. ఇది ఆకతాయి మాట కాదు. వరంగల్ బట్టల బజారులో తండ్రి కాలం నుంచీ చీరల దుకాణం నడుపుతున్న సారంగపాణి స్వానుభవంతో తేల్చిన సత్యం.

ఆలోచించండి. దొంగకు తీరిక తక్కువ. చూపు తిప్పేలోగా మంచి సరుకేదో, నాసిరకమేదో తేల్చుకోవాలి. రంగు వెలుస్తుందా అని అడగడు. ధర తగ్గించమనడు. తీసుకుపోయిన చీర మర్నాడు నలిపి తెచ్చి, మా ఆడబిడ్డకు నచ్చలేదని మొహాన పడేయడు. ఇంతకంటే ఉత్తముడైన గిరాకీ ఏ బజారులో దొరుకుతాడు?

మొదటిసారి దొంగతనం జరిగినప్పుడు సారంగపాణి కూడా తెలియక ఏడ్చాడు. పెండ్లి బట్టలు కావాలంటూ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పెండ్లి బట్టలంటే బీరువాలో ఉన్నవన్నీ తీసి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద గుట్ట పోయాలి. ఒకామె గుట్ట పైనున్న ఎర్ర చీర ధర అడుగుతుంటే, రెండో ఆమె కిందున్న నారాయణపేట చీరకు తన పైట చాటున చోటిచ్చింది. అయ్యగారిని ముహూర్తం అడిగి మళ్లీ వస్తామని లేచి వెళ్లారు. చీరలన్నీ మడిచి లోపల పెట్టేసరికి ఒకటి తక్కువైంది. సారంగపాణి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

పొద్దుగూకేసరికి బజారంతా అతని దుకాణం ముందే! హన్మకొండ నుంచి కూడా రిక్షాలు కట్టించుకుని వచ్చారు. పరామర్శకు వచ్చి వట్టి చేతులతో పోవడం బాగుండదని తలా ఒక రవికె గుడ్డ కొన్నారు. పోయిన చీరలాంటిదే కావాలని కొందరు పట్టుబట్టారు. ఎదురు దుకాణం లక్ష్మీనారాయణ మొహం మాడిపోయింది.

"నా సరుకేం తక్కువున్నదో జర నువ్వే చెప్పు సారంగం. ఒక్క దొంగన్న ఇటుదిక్కు చూస్తలేడు" అని వాపోయాడు.

ఆ ఊపులో సారంగపాణి ఠాణాకు పోయి రిపోర్టు ఇచ్చాడు. తప్పు చేశాడనకూడదు, భాగ్యం చేసుకున్నాడనాలి. అంతకుముందు ఆ వీధిలో పోలీసు కనబడాలంటే వినాయకుణ్ణి నీళ్లలో కలిపే రోజు రావాలి. రిపోర్టు ఇచ్చిన మర్నాటి నుంచీ హెడ్ కానిస్టేబుల్ యాకయ్య రోజూ వచ్చాడు. నిజాం పోయి ఇన్నేళ్లయినా జనం నోట హెడ్ కానిస్టేబుల్ ఇంకా జమేదారే, సబ్ ఇన్‌స్పెక్టర్ అమీన్ సాబే. జమేదారు యాకయ్య టోపీ తీసి పక్కన పెట్టి, బాలీసు దిండుకు ఆనుకుని, చాయ్ తాగుతూ ఇన్వెస్టిగేషన్ మొదలుపెట్టాడు.

"పోయిన చీర ఎట్లుంటదో తెల్వకుంటే దొంగనెట్ల పట్టాలె సేటూ? అసొంటిదొకటి శాంపిల్ ఇయ్యి."

శాంపిల్ వెళ్లింది. దీపం వెలుతురులో రంగు తేలడం లేదని ఇంకొకటి వెళ్లింది. అమీన్ సాబ్ స్వయంగా అంచు పరిశీలించాలన్నారని మరొకటి వెళ్లింది. దసరాకు అమీన్ సాబ్ భార్య ఆ శాంపిల్ కట్టుకుని గుడికి వచ్చింది. పాపం, సెలవు రోజున కూడా ఇంటిల్లిపాదీ ఇన్వెస్టిగేషన్‌లోనే ఉన్నారు.

ఇంత శ్రమకు ఫలితం లేకపోతుందా? పరకాల సంతలో దొంగావిడ దొరికింది, చీర కూడా దొరికింది. చీర నాదేనని సారంగపాణి సంబరంగా సంతకం పెట్టాడు. అక్కడి నుంచి అతని కోర్టు యాత్ర మొదలైంది. వాయిదా వచ్చినప్పుడల్లా దుకాణం మూసి హన్మకొండ పోవాలి. ఒకసారి జడ్జిగారికి జ్వరం, ఒకసారి వకీలుగారింట్లో పెండ్లి, ఒకసారి అసలు దొంగకే తీరిక లేదు. చివరికి కేసు కొట్టేశారు. చీర చేతికొచ్చింది గానీ, ఠాణా ఎలుకలు అప్పటికే దాని అంచు చూసుకున్నాయి. దొంగావిడ మాత్రం మర్యాదస్తురాలు. కోర్టు మెట్ల మీద సారంగపాణికి దండం పెట్టి, ఒళ్లు చిక్కిపోయింది సేటూ అని జాలిపడి వెళ్లింది.

ఆ రోజు సారంగపాణికి జ్ఞానోదయమైంది. పోలీసులు ఏ సొమ్ము తెచ్చి చూపినా ఒకటే మంత్రం: మాది కాదు. బజారంతా ఆ మంత్రం పట్టేసింది. గిన్నెల దుకాణం వాడు తన పేరు చెక్కిన చెంబును కూడా తనది కాదన్నాడు.

చూశారా, ఎంత హాయి! పోగొట్టుకున్నవాడు లేకపోతే దొంగతనమే లేదు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో దొంగతనాలు సున్నా. అమీన్ సాబ్‌కు పైనుంచి మెప్పు వచ్చింది. ఆ వెనకే ఒక ప్రశ్న కూడా వచ్చింది. ఒక్క దొంగ కూడా లేని ఊరికి ఇంతమంది పోలీసులెందుకు?

ఠాణా ఉలిక్కిపడింది. ఉన్నపళాన ఒక దొంగ కావలసి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమే జమేదారు యాకయ్య సారంగపాణి దుకాణం మెట్టెక్కి, ఒక చీర ఎత్తి పట్టుకున్నాడు.

"సేటూ, ఇది నీదేనా?"

సారంగపాణి గజంబద్దతో గుడ్డ కొలుస్తున్నాడు. తల కూడా ఎత్తకుండా, "మాది కాదు" అన్నాడు. అలవాటైన నోరు కదా, కళ్ల కోసం ఆగలేదు.

తల ఎత్తేసరికి మెట్ల కింద మొగిలమ్మ నిలబడి ఉంది. వర్ధన్నపేట అవతల నాట్లకూ కోతలకూ పోయే మనిషి. పొద్దున తొలి బేరం ఆమెదే. కాబోయే కోడలికి పెట్టడానికి, గుట్టలోంచి ఏరి ఏరి, బేరమాడి బేరమాడి, పచ్చంచు నారాయణపేట చీర కొనుక్కుని వెళ్లింది. బస్టాండులో ఆ చీర తీసి మురిపెంగా చూసుకుంటుంటే యాకయ్య కంటపడింది. కాళ్లకు చెప్పులు లేనిదానికి ఇంత చీర ఎక్కడిదని అతనికి అనుమానమొచ్చింది.

"ఇనవడ్డదా? సేటు దగ్గర కొన్ననని నువ్వంటున్నవ్, నాది కాదని సేటు అంటాండు. ఇగ చెప్పు, ఎక్కడ కొట్టుకొచ్చినవ్?" అన్నాడు యాకయ్య.

"గదేంది సేటూ" అంది మొగిలమ్మ. "పొద్దుగాల నీ చేత్తోనే ఇస్తివి గద. ఐతారం లగ్గమున్నది. దొంగదని పేరు పడితే నా కొడుక్కు పిల్లనిస్తరా?"

సారంగపాణి నోరు తెరిచాడు. కళ్ల ముందు కోర్టు మెట్లు కనిపించాయి, వాయిదాలు కనిపించాయి, శాంపిళ్లు కనిపించాయి. నోరు మూసుకున్నాడు. యాకయ్య ఆమెను నడిపించుకుని పోయాడు. బజారు బజారంతా దుకాణాల్లోంచి తొంగి చూసింది.

అతని ముందు గజంబద్ద ఉంది, పక్కన వాళ్ల నాన్న నాటి పసుపు గిన్నె ఉంది. ఆ దుకాణానికి ఒక ఆచారం. బేరం తెగి, డబ్బు గల్లాపెట్టెలో పడ్డాక, చీర కొంగు మూలన సారంగపాణి తన వేలితో పసుపు చుక్క పెట్టి, చల్లగ కట్టుకోమని ఇస్తాడు. చదువుకున్న కోడళ్లు మరక పడిందని ముక్కు విరిచినా మానలేదు. పొద్దున మొగిలమ్మ చీరకు పెట్టిన పసుపు అతని వేలి గోటి సందున ఇంకా పచ్చగా ఉంది. ఆ వేలు చూసుకుంటే అతనికి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలి, చెప్పులు కూడా తొడుక్కోకుండా ఠాణాకు పరుగెత్తాడు.

"చీర నాదే సాబ్. నేనే అమ్మిన" అన్నాడు రొప్పుతూ.

అమీన్ సాబ్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇందాక కాదన్నవట. నీది కాకుంటే ఆమె దొంగ. నీదైతే ఇందాక మా జమేదారుకు అబద్ధం చెప్పిన నువ్వు దొంగ. ఎవర్ని రాసుకోవాలె?"

"పొద్దుగాలటి దాకా నాది సాబ్. ఇప్పుడు ఆమెది. కొంగు మూలకు చూడుండ్రి, పసుపున్నది. పైసలిచ్చి కొన్న చీరకే నేను పసుపు పెడ్త. ఊరికె పోయిన చీరకు పెట్ట."

"పసుపు చుక్క చూసి దొంగను ఇడవాల్నా? పసుపు ఎవలైన పెట్టుకుంటరు. ఇదేం సాక్ష్యం?" అన్నాడు యాకయ్య.

"కావాల్నంటే పక్కన పెట్టి చూద్దాం జమేదార్ సాబ్" అన్నాడు సారంగపాణి. "నా దుకాణం నుంచి పైసలియ్యకుంట పోయిన చీరలు ఈ ఊర్లె ఉన్నయి. ఒకటి మీ ఇంట్ల ఉన్నది, ఒకటి అమీన్ సాబ్ ఇంట్ల ఉన్నది. ఎవల్నన్న పంపి తెప్పిద్దాం. వాటికి పసుపుంటే ఈమెను లోపలెయ్యుండ్రి, ఎంబడి నన్ను గూడ ఎయ్యుండ్రి."

అమీన్ సాబ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. యాకయ్య టోపీ లోపలి భాగం పరిశీలించాడు.

"ఆడమనిషిని ఇంతసేపు నిలబెడ్తవేందయ్యా, జర అకల్, తెలివి ఉండొద్దా?" అని అమీన్ సాబ్ జమేదారును కసిరాడు. "పో అమ్మా పో, బస్సు పోతది."

మొగిలమ్మ చీరను రొమ్ముకు హత్తుకుని బయటికి నడిచింది. గడప దాటాక ఆగి సారంగపాణిని చూసింది. "కడకు నిజం చెప్పినవ్ సేటూ. మొదలే చెప్పి ఉంటే నీ కాళ్లు కాలకపోతుండె" అని వెళ్లిపోయింది.

తిరిగి బజారుకు చేరేసరికి పొద్దు వాలింది. దుకాణం బార్లా తెరిచి ఉంది. పరుపు మీద చీరల గుట్ట విప్పినది విప్పినట్టే ఉంది. గుండె చిక్కబట్టుకుని ఒక్కొక్కటే మడత పెట్టాడు. ఆశ్చర్యం, ఒక్క చీర కూడా పోలేదు.

ఆశ్చర్యమెందుకు? అంతసేపూ జమేదారు ఠాణాలోనే ఉన్నాడు కదా.